చెరువొడ్డున కొట్టేసిన కంప

అమీన్‌పూర్ దగ్గర మా అపార్ట్‌మెంట్ వెనకున్న చెరువొడ్డున ఆరు ఆదివారాలు మేమంతా సర్కారు తుమ్మ కొట్టాం. ఒడ్డు శుభ్రమైందని ఫొటోలు కూడా దిగాం. ఏడో ఆదివారం వెళ్లేసరికి, మేం చదును చేసిన చోటు నుంచే టిప్పర్లు దిగి చెరువులో మట్టి పోసిపోయాయి. పక్షులు గూళ్లు కట్టుకున్న జమ్ముగడ్డి సగం పూడిపోయింది.

కట్ట మీద బర్రెలు కాస్తున్న అవ్వ మా చేతుల్లో గొడ్డళ్లు చూసింది. "కంప ఉన్నన్నాళ్లు ఒక్క లారీ రాలే బిడ్డా. తొవ్వ మీరే జేసిచ్చిండ్రు" అంది.

నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి. కొట్టిపడేసిన కంపనే సాయంత్రం దాకా ఈడ్చుకొచ్చి దారికి అడ్డం వేశాం.

మర్నాడు ఆఫీసుకు పోతూ కారాపి చూశాను. వేళ్లున్న చెట్టయితే ఆపేదేమో. ఎండిన కంప టిప్పర్ల టైర్ల కింద నుగ్గయిపోయింది.