కృష్ణ ఒడ్డున నా సంచి

మా ఆయన నా చేతిలోంచి లాక్కోని వస్తువంటూ లేదు. నీళ్ల బిందె, బియ్యం సంచి సరే, అవి బరువులే అనుకుందాం. పిల్లల పరీక్ష పేపర్ల కట్ట, కూరగాయల సంచి, చివరికి పెళ్లిలో ఎవరో నా చేతిలో పెట్టిన కొబ్బరికాయ కూడా లాక్కున్నాడు. "నాకియ్యి, నువ్వు ఎత్తొద్దు" అంటాడు. మూడేళ్ల కిందట ఆపరేషన్ చేసి నా గర్భసంచి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ "కొన్నాళ్లు బరువులు ఎత్తకండి" అంది. ఆ 'కొన్నాళ్లు' అన్న మాట ఆయన చెవిన పడలేదు. తర్వాత మళ్లీ చూపించుకోవడానికి వెళితే "ఇక అన్ని పనులూ చేసుకోవచ్చు" అని ఆమే చెప్పింది. అప్పుడు ఆయన నా పక్కనే కూర్చున్నాడు, అదీ వినలేదు.

మేం మిర్యాలగూడలో ఉంటాం. నేను సర్కారు బడిలో టీచర్ని, ఆయన రైస్ మిల్లులో సూపర్‌వైజర్. పొద్దంతా హమాలీల చేత బస్తాలు మోయించి ఇంటికొచ్చే మనిషి, పెళ్లాం చేతిలోని కొత్తిమీర కట్టకు అడ్డం పడతాడు. మొదటి ఏడాది నాకు బాగానే ఉండింది, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత ఒళ్లు మండటం మొదలైంది. అల్మరాలో పెట్టిన పింగాణీ కప్పులాగా నన్ను నేను చూసుకోవలసి వచ్చింది.

సూర్యాపేట బడిలో నాతో పనిచేసిన ఆటల టీచరు, పీఈటీ ఒకామె, ఇప్పుడు కోదాడలో ఉంది. నాకంటే పదేళ్లు చిన్నది. సెలవు దొరికితే చాలు, జనాన్ని వెంటేసుకొని గుట్టలెక్కుతుంది. డిసెంబరు చివర్లో సముద్రం ఒడ్డున, రాళ్ల దారి వెంట నాలుగు రోజులు నడవబోతున్నామని ఫోన్లో చెప్పింది. నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారే, బీఎడ్ టూర్లో, చెప్పులు చేత్తో పట్టుకొని, బస్సు హారన్ కొడుతుంటే. "నేనూ వస్తా" అన్నాను.

"ముందు మన కృష్ణ ఒడ్డున ఒక రాత్రి ఉండొద్దాం అక్కా" అంది. "ఎవరి సంచి వాళ్లే మొయ్యాలండీ, అదొక్కటే నా రూలు. రెండు రోజులు మోస్తే మీరు సముద్రానికి వస్తున్నట్టే. లేదంటే తీసుకెళ్లను, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు. నాకు కావలసింది సరిగ్గా అదే. నేను బాగయ్యానని ఎవరో ఒకరు పరీక్ష పెట్టి చెప్పాలి.

ఆయన "నేనూ వస్త" అన్నాడు. వద్దంటే ఆగే మనిషా.

చలికాలం మొదట్లో ఒక రెండో శనివారం పొద్దున్నే ముగ్గురం వాడపల్లిలో బస్సు దిగాం. వంట సామాను ముగ్గురికీ పంచింది పీఈటీ. బియ్యం, పప్పు, గిన్నె, రెండు నీళ్ల సీసాలు నా వంతు. సంచులు ఆయన దగ్గర పెట్టి, మేమిద్దరం మూసీ కృష్ణలో కలిసే చోటికి దిగి కాళ్లు తడుపుకొని వచ్చాం. ఈలోపు ఆయన టీ తాగి, దుకాణంలో ఏదో కొన్నాడు. నేను సంచి తగిలించుకున్నాను. అనుకున్నంత బరువు లేదు.

సిమెంటు ఫ్యాక్టరీల పొగ వెనక పడ్డాక దారి దారిలా లేదు. నీళ్లలోకి మెట్లు మెట్లుగా దిగిన నాపరాళ్లు, వాటి సందుల్లో సర్కారు తుమ్మ, మధ్యమధ్య మిరప చేలకు నీళ్లు తోడే మోటార్ల పైపులు. వాగు అడ్డం వస్తే దిగి ఎక్కాలి. ఒక్కోచోట నాలుగు కాళ్లతో పాకాలి. నేను లేడిపిల్లలాగా పోతున్నాను. ఊపిరి సాఫీగా ఆడుతోంది, నడుము నొప్పి లేదు, దాహమైతే పీఈటీ చేతిలోని సీసా ఉంది, సంచి దించే పనే పడలేదు. మూడేళ్లు నన్ను మంచానికి కట్టేసినంత పని చేశాడే అని కోపం, నేను ఇంత గట్టిదాన్నా అని సంతోషం, రెండూ కలిసి నడిపించాయి.

ఆయన మాత్రం వెనకబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. "మిల్లుల కుర్సీల కూసొని కూసొని గిట్లయినవ్" అని ఎగతాళి చేశాను. "అవునే" అన్నాడు. ఎన్నడూ ఒక్క మాటతో ఓడిపోని మనిషి ఒప్పుకుంటే నాకు అనుమానం రావలసింది. గర్వం తలకెక్కితే కళ్లు కనిపించవు కదా.

పాలకీడు వైపు, పొద్దు వాలేవేళకు ఒక వెడల్పాటి బండ దొరికింది. కింద కృష్ణ నిమ్మళంగా ఉంది. టెంట్లు వేశాం. నేను నడుం మీద చేతులు పెట్టుకొని పీఈటీతో "చూసినవా, ఎక్కడన్నా ఆగిన్నా?" అన్నాను. "మీరు సముద్రానికి వస్తున్నారక్కా" అంది ఆమె నవ్వుతూ. "బియ్యం ఇవ్వండి, పొయ్యి రాజేశా."

సంచి విప్పాను. పైన దుప్పటి. దుప్పటి కింద ఇంత పెద్ద మురమురాల ప్యాకెట్. దాని కింద ఇంకొకటి. బియ్యం లేవు, పప్పు లేదు, గిన్నె లేదు.

ఆయన నా వైపు చూడకుండా తన సంచిలోంచి బియ్యం తీసి బండ మీద పెట్టాడు. తర్వాత పప్పు. తర్వాత గిన్నె. నీళ్ల సీసాలు రెండూ చివర.

పొద్దంతా మురమురాలు మోసి గుర్రమెక్కినట్టు ఊరేగాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పీఈటీ పొయ్యిలో పుల్లలు సర్దింది. "ఇవాళ్టిది లెక్కలోకి రాదక్కా" అంది మెల్లగా. "రేపు తిరుగు దారి ఉందిగా."

అన్నం ఉడికింది, పప్పులో ఎల్లిపాయ కారం వేసుకొని తిన్నాం. రుచి బాగుందని ఒప్పుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు. పీఈటీ గిన్నెలు కడగడానికి నీళ్ల దగ్గరికి దిగింది. అప్పుడు అడిగాను.

"మీ హమాలీ బస్తా మోసుకపోతుంటె నడుమల గుంజుకుంటవా?"

"గుంజుకోను."

ఎందుకు గుంజుకోడో నాకు తెలుసు, ఆయనే చెప్పాడు. హమాలీ ఒక్కడే బస్తాను వీపు మీదికి ఎత్తుకోలేడు. ఇద్దరు చెరో పక్క పట్టి ఎత్తుతారు. అతను కుదురుకొని "ఊఁ" అంటేనే వాళ్లు చేతులు వదులుతారు. ఆ తర్వాత లారీ దాకా ఎవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే అడుగు తప్పుతుంది. మళ్లీ దించే దగ్గరే చెయ్యి వేస్తారు. ఎవరో కొత్తవాడు జాలిపడి నడుమ పట్టబోతే ఆయనే తిట్టాడట.

"మరి నాది ఎందుకు గుంజుకుంటవ్?"

నిప్పులు కెలికాడు. "ఆపరేషన్ ముందట ఆ రోజు నువ్వు రక్తం పోయి వంటింట్ల పడిపోతే నేనే ఎత్తుకొని ఆటోల పండవెట్టిన" అన్నాడు. "పడుసుతనం సంది బస్తాలు ఎత్తిన చేతులివి. నిన్ను ఎత్తంగనే ఖాళీ గోనె సంచి లెక్క పైకొచ్చినవ్. బరువే లేవు. దవాఖాన దాక నాకు పానం పానంల లేదు. ఇగ గప్పటి సంది నీ చేతుల ఏం సూసినా గదే యాదికొస్తది."

మూడేళ్లలో ఈ మాట నాకు చెప్పలేదు. నా కోపం సగం చల్లారింది. మిగిలిన సగం చల్లారనివ్వలేదు నేను.

"గప్పుడు నా ఒంట్ల రక్తం లేదు, ఇప్పుడున్నది" అన్నాను. "నువ్వింకా నన్ను గా వంటింట్లనే పండవెట్టి సూస్తున్నవ్. నేను లేచి శానా దినాలాయె."



తెల్లారి నేను టెంటులోంచి బయటికి వచ్చేసరికి నా సంచి సర్ది ఉంది. పీఈటీ చూస్తుండగా విప్పి చూశాను. మిగిలిన బియ్యం, పప్పు, గిన్నె, నింపిన సీసాలు రెండూ. మురమురాలు మాత్రం ఆయన సంచిలోకి పోయాయి.

ఆయన నా వెనక నిలబడి సంచిని రెండు చేతులతో ఎత్తి పట్టాడు. నేను పట్టీల్లో చేతులు దూర్చి, నడుం దగ్గర బొందె కట్టి, కాళ్లు ఎడం చేసి నిలబడ్డాను. బరువంతా ఆయన చేతుల్లోనే ఉంది. ఆయన కదలడం లేదు. ఎందుకు ఆగాడా అనుకున్నాను. అప్పుడు అర్థమైంది.

"ఊఁ" అన్నాను.

చేతులు వదిలేశాడు. బరువు ఒక్కసారి భుజాల మీద పడి, ఒకడుగు ముందుకు తూలాను. పీఈటీ ఉలిక్కిపడింది, ఆయన ముట్టుకోలేదు.

నిన్నటి లేడిపిల్ల ఏమైందో తెలియదు. పట్టీలు భుజాలను కోశాయి. వాగు గట్టెక్కలేక ఒకచోట రాయి మీద కూలబడ్డాను. తలెత్తి చూస్తే ఆయన తన చేతులు వీపు వెనక కట్టుకొని నిలబడి ఉన్నాడు, బడిలో హెడ్మాస్టర్ ముందు పిల్లవాడిలాగా. నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే లేచాను. ఒళ్లంతా నొప్పి, అయినా అంత సంతోషం నాకు ఈ మధ్య తెలియదు.

వాడపల్లి బస్సు స్టాపు దగ్గర ఆగాం. పీఈటీ ఫోన్ తీసి, సముద్రానికి వెళ్లేవాళ్ల వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చింది. ఆయన నా పక్కకు వచ్చాడు.

"దించేటప్పుడు పట్టొచ్చు గద?"

"పట్టు" అన్నాను.

సంచి ఆయన చేతుల్లోకి దిగింది. చేతులు కొంచెం కిందికి వంగాయి.

"మస్తు బరువున్నదే" అన్నాడు.