మామ్మకి వచ్చిన ఫ్రెంచి

మలేషియాలోని క్లాంగ్ స్టేషను బయట ఒకాయన గాలికి తిరగబడిన గొడుగుతో కుస్తీ పడుతుంటే నాకు చిన్నప్పుడు విన్న మా మామ్మ నవ్వు మళ్లీ వినిపించింది.

అప్పట్లో అక్కడికి దగ్గరి బంటింగు ఊళ్లో మా ఇంట్లో టీవీలో మలయ్ సినిమా వచ్చినా, ఇంగ్లీషుది వచ్చినా, పక్కన కూచుని మామ్మకి తెలుగులో చెప్పడం నా పని. ఒకనాడు పాత ఫ్రెంచి హాస్యచిత్రం వచ్చింది. పొడుగాటి మనిషి మడత కుర్చీ విప్పుతాడు, అది మూసుకుంటుంది. విసుక్కోకుండా, ఎంతో మర్యాదగా మళ్లీ విప్పుతాడు. ఆ భాష ఒక్క ముక్క రాదు, ఏం చెప్పాలా అని నాకు బెంగ. మామ్మేమో పైటచెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"నీకు ఫ్రెంచి వచ్చా మామ్మా?"

"సూడనీ లా! ఆడు సేసి సూపిస్తంటే మద్దిన నువ్వు సెప్పడమేటి?" అంది, మలయ్ వాళ్లు మాట చివర తగిలించే "లా" తనూ తగిలించి.

మామ్మకి ఫ్రెంచి వచ్చనే చాన్నాళ్లు నమ్మాను. ఆ సినిమా తీసిన మహానుభావుడెవరో గానీ, మామ్మ నా నోటితో కాక తన కళ్లతో చూసిన సినిమా అదొక్కటే.