కదపకూడని బండి

జూలై తొమ్మిది, మంగళవారం. తామ్వే, మా వీధి. పొద్దుటి నుంచి ముసురు. అక్కడ ఉన్నవాళ్లు: ట్రాఫిక్ పోలీసులు ఇద్దరు, క్రేన్ డ్రైవరు, ఎదురింటి కోడలు, ఆమె బావగారు, నేను. వీధిలో మిగతావాళ్లు కిటికీల వెనక ఉన్నారు కాబట్టి వాళ్లను కలపలేదు.

ఆ రోజు డైరీలో రాసింది ఇంతే. మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు.

ఎదురింటి కోడలి భర్త చిమిండైంగ్ బజారు నుంచి పికప్‌లో కూరగాయలు తోలేవాడు. కిందటి ఆగస్టులో గుండె ఆగి పోయాడు. బండి ఇంటి ముందు రోడ్డు మీదే నిలబడిపోయింది. ఆమెకు బండి తోలడం వచ్చు, భర్తే నేర్పాడు. దినాలు కాగానే బేరం తానే చూసుకుంటానంది. బావగారు, అంటే ఆమె భర్తకు అన్న, వీల్లేదన్నారు.

వాళ్ల తాత విశాఖ వైపు నుంచి బర్మా వచ్చి ఇక్కడి రేవులో పడవ నడిపాడట. ఆ ఇంట్లో మగవాడు పోతే అతని పడవను ఒడ్డున బోర్లించి, సంవత్సరీకం అయ్యేదాకా నీళ్లలోకి దింపేవారు కాదట. పడవలు ఎప్పుడో పోయాయి. ఆ కట్టడి మాత్రం వచ్చి పికప్ మీద కూర్చుంది. ఆమె ప్రతి శుక్రవారం బండి తుడిచి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు కట్టేది. మిగతా రోజుల్లో బస్సులో రెండు గంపలు మోసుకొచ్చి, అవి అమ్ముకుని కూతురిని చదివించుకునేది.

శనివారం నాడు ఒక కుర్ర కానిస్టేబులు వచ్చి బండి అద్దానికి కాగితం అంటించాడు. మంగళవారంలోగా తియ్యకపోతే వదిలేసిన బండి కింద లెక్కగట్టి పట్టుకుపోతారట. చక్రాల కింద గడ్డి మొలిచింది, వాడి తప్పేముంది? మంచివాడే. నన్ను ఊలే అని, అంటే బాబాయి అని పిలిచి, ఏదో ఒక ఆవరణలోకి తోసెయ్యండి, తీసేశారని నేను రాసుకుంటాను అన్నాడు. నేను గుడికి వెళ్లి అడిగాను. వెనక వైపు చోటిస్తామన్నారు. బండి పోతే మళ్లీ రాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బండి రిజిస్ట్రేషన్ పుస్తకం ఇంకా ఆమె భర్తకు దాన్ని అమ్మినవాడి పేరు మీదే ఉంది, వాడు ఊరొదిలి ఎటో పోయాడు.

ఆ సాయంత్రం వాళ్ల ముందుగదిలో కూర్చున్నాం. ఆమె తాళంచెవి చేతిలో పెట్టుకుని నిలబడే మాట్లాడింది.

"ఇంజినెయ్యం బావగారూ. నలుగురు తోస్తే గుడి దాకా ఎల్లిపోద్ది."

"తోసినా కదిపినట్టే. ఇంకో నెల ఆగలేవేటమ్మా?"

"నానాగుతాను. పోలీసోల్లు ఆగుతారేటి?"

బొట్టు పెట్టిన బండిని ఎవడూ ముట్టడని ఆయన ధీమా. అప్పుడు ఆమె అంది.

"మావగారు పోయినప్పుడు, పన్నెండోనాడు కాగానే ఆయన సైకిలెక్కి మింగళాడోన్ పనికెల్లింది మీరే గదా?"

ఆయన ఫ్యాను వైపు చూశారు.

"సైకిలుకి ఇంజినుండదు."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన నా వైపు తిరిగి, ఇది మా ఇంటి సంగతి, తమరు బయటివారు అన్నారు. పుట్టినప్పటి నుంచీ వాళ్ల ఎదురింట్లో ఉన్నవాణ్ణి నేను. ఇంకేం మాట్లాడను? ఆ ఇల్లు బావగారి పేరు మీద ఉంది. ఆమె తాళంచెవిని మళ్లీ మేకుకు తగిలించింది.

మంగళవారం క్రేన్ వచ్చింది. ఆమె వానలో నిలబడి పెద్ద పోలీసుకు చెప్పుకుంది. ఆయన పుస్తకం తెరిచి పేరు చూసి, ఈయన్ని రమ్మను అన్నాడు. కుర్ర కానిస్టేబులు నన్ను పక్కకు పిలిచి, ఎందుకు తొయ్యలేదు ఊలే అని అడిగాడు. కారణం బర్మా భాషలో చెప్పబోయాను. రెండో మాటకే నాకే వినబుద్ధి కాలేదు.

గొలుసు వేసి ముందు భాగం ఎత్తారు. నిమ్మకాయలు తెగి రోడ్డు మీద పడ్డాయి. బండి వెనక చక్రాల మీద దొర్లుకుంటూ వీధి మలుపు తిరిగిపోయింది. బావగారు దండం పెట్టారు. తరువాత, నిజంగా గుండెల మీద బరువు దిగిన మనిషిలాగా అన్నారు.

"మన చేత్తో మనం కదపలేదు. అది చాలు."

ఆమె ఆయన్ని చూడలేదు. నిమ్మకాయలు ఏరుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. గడ్డి మొలిచిన చోట అప్పుడే వీధి చివరి వాళ్ల కారు పెట్టుకున్నారు. బావగారు రోజూలాగే టీ కోసం వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఆమె ఖాళీ గంపలు రెండూ పట్టుకుని బస్సుకు బయల్దేరుతోంది. గడప దగ్గర ఆగి చెప్పిన మాట మా వరండాలోకి వినిపించింది.

"టీ గిన్ని పొయ్యి మీదుంది బావగారూ. నాను కదపలేదు."

కాసేపటికి గిన్నె మాడిన వాసన మా ఇంటిదాకా వచ్చింది.