నొగ ఎత్తి చూసిన తర్వాతే

పోయిన మాఘమాసంలో ఒకనాటి పొద్దున, నంద్యాలలో ట్రాక్టర్లకు ట్రాలీలు తయారుచేసే షెడ్డులో, కొత్తగా రంగు వేసిన ఒక ఇనుప డబ్బాలోకి నేను ఎక్కి, వెనక తలుపు రెక్కలు రెండూ బయటినుంచి మూయమని మా కోడలికి చెప్పి, ఆ చీకట్లో నడుముకు చెయ్యి ఆనించుకొని నిలబడ్డాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఇనుప డబ్బాలో దూరి ఏం చేస్తుందోనని షెడ్డు యజమాని బయట కంగారు పడడం నాకు వినిపిస్తూనే ఉంది. నేను చేస్తున్నది చాలా చిన్న పని. వెలుతురు ఎక్కడెక్కడ లోపలికి వస్తుందో చూస్తున్నాను. సూదిమొన అంత వెలుతురు వచ్చిన చోట రేపు వాన కూడా వస్తుంది, దుమ్మూ వస్తుంది. మూడు చోట్ల కనిపించింది, మూడింటికీ సుద్దముక్కతో చుట్టూ గీత గీశాను.

మాది బొరుగుల వ్యాపారం, కొన్నిచోట్ల మరమరాలంటారు. బట్టీ దగ్గర పని మా కొడుకుది, సరుకు ఊళ్లకు చేర్చే పని మా కోడలిది. డీజిల్ పికప్ తోలుకుంటూ నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా, అటు బేతంచెర్ల దాకా ఆమే పోతుంది. బొరుగులకు బరువు ఉండదు గాని చోటు కావాలి, పది మూటలకే బండి నిండిపోతుంది. పైన పట్టా కప్పినా, అంతకు ముందు ఏడు తిరునాళ్లకు పోయేటప్పుడు వచ్చిన అకాల వానకు సగం సరుకు మెత్తబడింది. ఉగ్గానికి బొరుగుల్ని నీళ్లలో తడిపేది మనమే అయినా, ముందే మెత్తబడిన బొరుగుల్ని ఎవరూ ముట్టుకోరు. అందుకని పికప్ వెనక తగిలించుకొని లాక్కుపోయే, నాలుగు పక్కలా మూసిన డబ్బా ట్రైలర్ ఒకటి శివరాత్రికి ముందే కొనాలని ఇంట్లో అందరం అనుకున్నాం. ఏది కొనాలో నేనే చూసి చెబుతానన్నాను. మా కొడుకు నవ్వాడు. కోడలు నవ్వలేదు.

ఆ చీకట్లో, కొత్త రంగు వాసనలో, ఇనుములోంచి దూరిన ఆ మూడు వెలుతురు చుక్కల్ని చూస్తూ నిలబడితే నాకు మా నాయన గూడుబండి గుర్తుకొచ్చింది. నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, వెదురుచాప వంచి బండిమీద గూడు కడితే మధ్యాహ్నపు ఎండ ఆ చాప సందుల్లోంచి నువ్వులు చల్లినట్టు ఒళ్లో పడేది. ఆళ్లగడ్డకు దగ్గర్లో మా ఊరు. సేద్యం ఉన్నా, మా నాయన ఇంటి వడ్లతో బొరుగులు వేయించి, శివరాత్రికి మహానంది తిరునాళ్లకు బండి కట్టేవాడు. రెండు పగళ్ల ప్రయాణం. మా అన్న చదువుకని హాస్టల్లో చేరినప్పటి నుంచి బండి వెంట పోయేదాన్ని నేనే. అన్నకు అక్షరాలు వచ్చాయి, నాకు ఎద్దుల నడక వచ్చింది. అప్పట్లో దాన్ని ఎవరూ చదువు అనలేదు, నేనూ అనుకోలేదు.

మా నాయనకు ఒక అలవాటు ఉండేది. సరుకంతా ఎక్కించిన తర్వాత, ఎద్దుల మెడమీద కాడి పెట్టేముందు, బండి ముందుకు చాచుకొని ఉండే నొగను ఒట్టి చేతులతో ఎత్తి చూసేవాడు. మూడేళ్ల బిడ్డను చంకకు ఎత్తుకున్నంత బరువు ఉండాలనేవాడు. అంతకు మించితే ఎద్దుల మెడ కాయలు కాస్తుంది. తగ్గితే ఇంకా చెడు, వెనక బరువు ఎక్కువై ఎత్తు ఎక్కేచోట బండి వెనక్కి కూలబడుతుంది, కాడి పైకి లేస్తుంది, మెడ కింద కట్టిన పలుపు ఎద్దుకు ఉరి అవుతుంది. నా చేత కూడా ఎత్తించేవాడు. పన్నెండేళ్ల నాటికే నా చేతులకు ఆ బరువు తెలిసిపోయింది.

ఆ ఏడు మా అన్న శివరాత్రి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాడు. కొడుకు మొదటిసారి బండికి సరుకు ఎక్కిస్తానంటే మా నాయన మొహం వెలిగిపోయింది. అన్న బొరుగుల మూటలన్నీ ముందర వేసి, బరువైన పుట్నాల మూటలూ ఉప్పు మూటలూ వెనక వేశాడు. తోవలో మొదటి ఊరి అంగళ్లకు దించాల్సినవి అవే, వెనక ఉంటే దించను సులువు అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నేను పోయి నొగ ఎత్తితే అది నా చేతుల్లోకి ఈకలా లేచి వచ్చింది.

అన్నతో చెప్పాను. వాడు నా చెయ్యి చూసి, ఎద్దుల వైపు చూసి నవ్వాడు.

"కాటా ఎందుకు మనకు, మా చెల్లెలు వేలితోనే తూకమేస్తాంటే. పోమ్మే, నీళ్ల కుండ తెచ్చి బండ్లో పెట్టు."

నేను మా నాయన వైపు చూశాను. ఆయన ఆ రోజు నొగ ముట్టలేదు. కొడుకు కట్టిన బండిని తండ్రి పదిమందిలో ఎత్తి చూస్తే కొడుకుకు నామోషీ అని మా ఊళ్లో ఒక పట్టింపు ఉండేది. ఆయన కండువా భుజాన వేసుకొని కాడి పెట్టాడు. నేను ఒకసారి చెప్పి ఊరుకున్నాను. ఈ వయసులో కూడా నన్ను నేను మన్నించుకోని పని ఏదైనా ఉందంటే, అబద్ధమాడిందీ కాదు, అలిగిందీ కాదు, ఆ పొద్దు ఒకసారి చెప్పి ఊరుకోవడమే.

మధ్యాహ్నం వాగు దాటి గట్టు ఎక్కుతుండగా బండి వెనక్కి కూలబడింది. కాడి పైకి లేచింది. మా ఎర్రెద్దు ముందుకాళ్లు నేలకు అందక, కళ్లు తేలేసి, గొంతులోంచి ఒక చప్పుడు చేసింది. నేను నొగ పట్టుకొని వేలాడాను, పన్నెండేళ్ల పిల్ల బరువు దానికేం చాలుతుంది. అన్న కొయ్యబారి నిలబడ్డాడు. నాయన కొడవలితో పలుపు కోసేశాడు. వెనక మూటలు జారి వాగులో పడ్డాయి, వాటి వెనకే బొరుగులు కూడా. నీళ్లమీద మల్లెపూలు చల్లినట్టు బొరుగులు తేలిపోతుంటే చూస్తూ కూర్చున్నాం. ఎద్దు బతికింది గాని, ఆ తర్వాత బతికినన్నాళ్లూ దానికి ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గరగర. పశువుల కొట్టం పక్కన పడుకునేదాన్ని నేను, నాకది వినిపిస్తూనే ఉండేది.

తప్పు అన్న ఒక్కడిదే కాదని నాయనకు తెలుసు. పట్టింపుకు పోయి నొగ ముట్టనిది తనే. ఇంటికి చేరిన మర్నాడు చాపగూడును కొడవలితో ముందువైపు పక్కన కోసి, మూట పట్టేంత తలుపు పెట్టాడు. బరువు ముందరే ఉండాలి, ముందరున్నదాన్ని ముందుగానే దించగలగాలి, రెండూ కావాలంటే తలుపు పక్కన ఉండాల పాపా అన్నాడు. ఆ ఏటి నుంచి నాకు పెళ్లై నంద్యాల వచ్చేదాకా ఆ బండికి సరుకు ఎక్కించింది నేనే.

షెడ్డులో తలుపులు తీయించుకొని బయటికి వచ్చాను. ఆ యజమాని మాకు అంటగట్టాలనుకున్నది ఈ పొడుగు డబ్బానే. లోపల మనిషి నిటారుగా నిలబడొచ్చు, పైన తళతళ. టన్నున్నర సరుకు మోస్తుందని కోడలితో చెబుతున్నాడు. నాతో చెప్పడం లేదు, నన్ను నీడకు కూర్చోబెట్టమని రెండుసార్లు అన్నాడు. నేను పోయి పక్కన బిగించిన, బరువులు అచ్చుకొట్టిన రేకు చదివాను. అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట మా కోడలు నేర్పింది. బొరుగుల సంచులమీద అచ్చులు చూపించి మొదలుపెట్టి, ఆళ్లగడ్డ రోడ్డు మీద అంగళ్ల బోర్డులన్నీ చదివించి, ఇంగ్లీషు అంకెలూ పొడి అక్షరాలూ దాకా తెచ్చింది. నిదానంగా చదువుతాను గాని తప్పు చదవను. ఆ టన్నున్నరలో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంది, అది తీసేస్తే మిగిలేది టన్నే. ఆ మాట అంటే ఆయన నవ్వి, ఊరికే లెక్కకు రాస్తారమ్మా అన్నాడు.

సరుకు వేసి చూపించమన్నాను. పికప్‌లో ఆ రోజు అంగళ్లకు వేయాల్సిన పుట్నాల మూటలు ఉన్నాయి. ఆయన మనిషి ఆ మూటలు తీసుకుపోయి నేరుగా వెనక తలుపు దగ్గరే పేర్చాడు. ఎందుకు అక్కడ వేశావంటే, దించను సులువు అన్నాడు. మా అన్న గొంతు ఇన్నేళ్లలో ఏమీ మారలేదనిపించింది. నేను పోయి, పికప్‌కు తగిలించుకోను ట్రైలర్ ముందుకు చాచుకొని ఉన్న ఇనుప కమ్మీ కింద చెయ్యి పెట్టాను. ఈకలా లేచి వచ్చింది.

ఇది వద్దన్నాను. ఎత్తు ఎక్కువ, ఎదురుగాలికి నిలవదు, తలుపు వెనకొక్కటే, బరువు ముందర వేస్తే బొరుగులన్నీ కిందికి దించితే గాని దానికి చెయ్యి అందదు. ఆయన ఓపిక అయిపోయింది. నన్ను వదిలేసి కోడలి వైపు తిరిగాడు.

"ఇవి ఎద్దులబండ్లు కాదు గదక్కా. పెద్దమ్మ మాట వింటే ఎట్ల? తోలేది నువ్వు గదా, నువ్వు చెప్పు."

మా కోడలు ఏదో అనబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"తోలేది ఆమె కాబట్టే చూస్తాండా అప్పా. వెనక బరువెక్కువై రోడ్డు మీద ఇది తోక ఊపితే లారీ కిందికి పోయేది నా కోడలు, నువ్వు కాదు. ఒగసారి చెప్పి ఊరుకునే మనిషిని కాదు నేను, కావాలంటే పొద్దు గుంకేదాకా ఈడనే నిలబడి చెప్తా."

"చెప్పింది వినప్పా," అంది కోడలు. "ఆమె ఎత్తి చూడందే నేను తాళం తిప్పను."

షెడ్డు మూలలో దుమ్ము కొట్టుకొని ఇంకొక డబ్బా ఉంది. పొట్టిది, బేతంచెర్ల బండల వ్యాపారి ఎవరో పనిముట్లకని చేయించుకొని తీసుకుపోలేదట. రంగు వెలిసింది. చక్రాలు నట్టనడుమ కాకుండా కాస్త వెనక్కి ఉన్నాయి. ముందువైపు పక్కన తలుపుంది. ఆ తలుపు చూడగానే, నిజం చెబుతున్నాను, మా నాయన కొడవలి చప్పుడు వినిపించింది నాకు. పుట్నాల మూటలు ముందర వేయించి, కమ్మీ ఎత్తి చూశాను. మూడేళ్ల బిడ్డంత అనను, ఈ బండి పెద్దది, ఇద్దరం చెరొకవైపు పడితే గాని లేవలేదు. అది చాలు. మా పికప్ కాగితాల్లో ఎంత లాగొచ్చని రాసి ఉందో కోడలు చూసింది, సరిపోయింది. అందులోకి కూడా ఎక్కి తలుపులు వేయించుకున్నాను. ఒకే ఒక్క వెలుతురు చుక్క. దాన్ని మూయించి, తలుపు చుట్టూ రబ్బరు వేయించి, అదే ఇంటికి తెచ్చుకున్నాం.

శివరాత్రికి ముందు, డబ్బా లోపల నేలమీద అడ్డంగా ఒక ఎర్రగీత గీసి, గోడమీద కుంచెతో నా చేత్తో నేనే రాశాను: బరువు మూటలు ఈ గీతకు ముందరే. వంకర అక్షరాలే. తిరునాళ్లకు పోయే ముందు ఆళ్లగడ్డ అంగళ్లకు సరుకు వేస్తూ మా అన్న ఇంటి ముందు ఆపితే, ముసలాయన కర్ర ఊతంగా వచ్చి, పక్క తలుపులోంచి తొంగి చూసి, ఆ రాత చదివాడు. ఎవరు రాశారని అడిగాడు. నేనే అన్నాను. ఆ తలుపు అంచును చేత్తో తడిమాడు గాని, వాగు మాట ఎత్తలేదు. ఆ పొద్దు తప్పు తనదని ఆయన చెబుతాడని ఒకప్పుడు కాచుకొని ఉండేదాన్ని, ఇప్పుడు ఆ అవసరం లేదు.

బండ్లు పోయాయి, ఎద్దులు పోయాయి, నొగ ఎత్తి చూసే చేతులు మా ఊళ్లో నాతోనే ఆఖరు. ఎద్దు అయితే గొంతు గరగరతో మన తప్పును బతికినన్నాళ్లూ చెబుతుంది. ఇంజనుకు ఆ నోరు లేదు, తప్పు జరిగే క్షణం దాకా నవ్వుతూనే లాక్కుపోతుంది. మా నాయన ఉంటే నా రాత చదవలేకపోయేవాడు, ఆయనకు అక్షరం రాదు. కాని నేరుగా వచ్చి కమ్మీ కింద చెయ్యి పెట్టి ఉండేవాడు. ఇప్పుడు చదవడం వచ్చినవాళ్లకు బరువు తెలియదు, బరువు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పెద్దమ్మకేం తెలుసు అనేవాళ్లు మాత్రం అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అననీ. నాకు రెండూ వచ్చు. మా కోడలికి కూడా రెండూ వచ్చు. మొన్న నేను ముందు సీట్లో కూర్చుని ఉండగా, ఆమె బట్టీ దగ్గరున్న మొగుణ్ణి కేకేసి పిలిచి, చెరొకవైపు కమ్మీ ఎత్తి చూసి, మూటలు మళ్లీ సర్ది, అప్పుడు గాని వచ్చి తాళం తిప్పలేదు. నేను కిందికి దిగి చూడలేదు.