ఎలుక జ్వరంలో చేసిన మహాత్యాగం

లోకంలో చాలామంది ఉంగరాలు పోగొట్టుకుంటారు, గొడుగులు పోగొట్టుకుంటారు. నేను మాత్రం ఒక మధ్యాహ్నం మంచంమీద పడుకుని ఏకంగా విశాఖపట్నాన్నే పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, కానీ కాస్త మెల్లగా. ఇప్పటికీ సలుపుతుంది.

అప్పుడు నేను కలకత్తాలో ఒక బ్యాంకులో చిన్న ఆఫీసర్ని. మూడేళ్లుగా విశాఖ బదిలీ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాను. మేనేజరుగారు ఒకరోజు చల్లటి కబురు చెప్పారు. విశాఖలో ఒకే ఒక్క ఖాళీ ఉంది, జాబితాలో నా పేరు మొదటిది, పక్క బల్ల మూర్తిగారిది రెండోది. నెలాఖరుకి జాబితా పైకి వెళుతుంది. మూర్తిగారి కూతురు అక్కడ పుట్టి పది నెలలైంది; ఆయన ఆ పిల్లని ఎత్తుకున్నది రెండుసార్లే. నాకు జాలేసింది. అయినా బదిలీ బదిలీయే కదండీ!

ఆ ఆనందంలో ఏక్‌బాల్‌పూర్ వీధుల్లో మోకాళ్ల లోతు వాననీళ్లలో, చెప్పులు చేత్తో పట్టుకుని, భీమిలి ఒడ్డున నడుస్తున్నట్టు ఊహించుకుంటూ ఇల్లు చేరాను. కాలికి చెప్పు కరిచిన పుండుంది. ఇంటి యజమానురాలు పైడమ్మ పిన్ని గుమ్మంలోనే అందుకుంది. వాళ్లది తెలుగునాటి నుంచి వచ్చి మూడు తరాలుగా ఈ ఊరి మురుగుకాలవలు బాగుచేసిన కుటుంబం.

"ఏటి బాబూ, ఆ నీట్లోకి దిగీసినావా! ఎలకలు ఉచ్చోసిన నీరది!"

"సముద్రంలా ఉంది పిన్నీ."

"వుంటాది, వుంటాది. జొరం వొచ్చినప్పుడు సెప్తాను."

పది రోజులకి రానే వచ్చింది. పిన్నే నన్ను వీధి చివర డాక్టరు దాదా దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన రక్తపరీక్ష చీటీ చూసి ఎలుక జ్వరమని తేల్చి, యాంటీబయాటిక్ మాత్రలు రాసి, చాలాసేపు ఏదో వివరించాడు. నాకు బెంగాలీ బాగానే వచ్చు. కానీ ఆయన వెనక గోడమీది చెమ్మ మరక అచ్చం బంగాళాఖాతంలా ఉంది. అందులో విశాఖ ఎక్కడుంటుందా అని వెతుక్కుంటున్నాను.

"అర్థమైందా?" అన్నాడాయన.

"అయింది దాదా," అన్నాను, విశాఖ దొరికిన సంతోషంలో.

ఇంటికొచ్చి తొలి మాత్ర మింగాను. పిన్ని రేషన్ షాపుకెళ్లింది. మధ్యాహ్నానికి వణుకు మొదలైంది. పొద్దున్న లేని వణుకు! మంచం కోళ్లు టకటకలాడాయి. జ్వరం అరటిపండు ఒలిచినట్టు నన్ను నాలోంచి ఒలిచేసింది. మంచం మెల్లగా పడవైంది. రేవులో ఓడ కూత వేసింది. కిటికీ అవతల వాననీళ్లలో యముడి దున్నపోతు తాపీగా, ఎవరినీ తడపకుండా నడిచి వస్తోంది. భయంగా లేదు, హాయిగా ఉంది. అదీ అసలు ప్రమాదం.

మందు వేసుకున్నాక రోగం ముదిరిందంటే ఇక అర్థమేమిటి? ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ! పోయేవాడికి విశాఖ ఎందుకు? కన్నీళ్లతో మేనేజరుగారికి మెసేజి పెట్టాను: "నా పేరు తీసేసి మూర్తిగారి పేరు పెట్టండి. ఇది నా చివరి కోరిక." పెట్టి, ఛాతీమీద చేతులు కట్టుకుని, దున్నపోతు కోసం వేచి ఉన్నాను.

దున్నపోతు బదులు పిన్ని వచ్చింది.

"పిన్నీ, నేను వెళ్లిపోతున్నాను."

"ఎక్కడికి, ఈ జొరంలో?"

"పైకి. మందు వికటించింది."

"వికటించడమేటి! మందు పడగానే పురుగులన్నీ ఒక్కపాలి సస్తాయి, ఆ గోలకి కొన్ని గంటలు వొణుకూ జొరమూ ఎక్కువవుతాయి, బెదిరిపోకండి, మందు ఆపకండి అని డాక్టరు సెప్పీసినాడు కదా! ఊపిరందకపోతేనే రమ్మన్నాడు. నీ సెవులెక్కడున్నాయి?"

నా చెవులు భీమిలిలో ఉన్నాయని ఎలా చెప్పను?

సాయంత్రానికి చెమట పట్టి జ్వరం జారిపోయింది. ఆరిపోయింది నా దీపం కాదు, క్రిములది. ఒక్క ఉదుటున ఫోను అందుకున్నాను. మేనేజరుగారి జవాబు అప్పటికే వచ్చి ఉంది: "మీ మనసు గొప్పది. ఇప్పుడే జాబితా పైకి పంపేశాను."

వెనక్కి తీసుకుంటానని రాయబోతుండగా ఫోను మోగింది. మూర్తిగారు.

"మీరు మనిషి కాదండీ, దేవుడు," అని ఏడుస్తున్నారు. "ఇదిగో, విశాఖలో మావాళ్లనీ లైన్లో కలిపాను, మా పాపకి వినిపించండి మీ గొంతు."

అవతల పది నెలల పిల్ల "తా" అంది. మీరైతే ఏం చేసేవారు? నేనూ "తా" అన్నాను. విశాఖపట్నం వెళ్లిపోయింది. ఏడుపొచ్చింది, నిజంగానే. పిన్ని గంజి గిన్నె చేతిలో పెట్టి, "పోన్లే బాబూ, మంచి పనే సేసినావు. బుద్ధుండి సేసుంటే ఇంకా బాగున్ను," అంది.

ఆరేళ్లయింది. ఇక్కడే ఉన్నాను. కాగల కార్యం క్రిములే తీర్చాయి. ఆ పిల్ల ఇప్పుడు బడికెళుతోంది. ప్రతి పుట్టినరోజుకీ ఫోనులో సముద్రం చూపిస్తుంది.

కనుక గంజి గిన్నె మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇకమీదట డాక్టరు మాట్లాడుతుండగా గోడ చూడను. తొలి మాత్ర మింగిన రోజున ఎవరికీ ఏ ఊరూ దానం చెయ్యను. ఆ రోజు నా ఫోను పిన్ని బియ్యం డబ్బాలో అడుగున ఉంటుంది. మూతమీద పిన్ని కూర్చుని ఉంటుంది.