టిల్డా వాసన చూసిన బీరు

గ్వెన్ ప్రిబిల్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. జున్ను ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి ఆమె పక్కనే నిలబడి పనిచేసినదాన్ని కనక నాకు తెలుసు. ఒకసారి మేనేజరు మా మధ్యాహ్నం విరామంలో సగం కోసేస్తే, ఆయన గదిలోకి వెళ్లి ఎంత మెల్లగా మాట్లాడిందంటే, వినడానికి ఆయన బల్ల మీదికి వంగాల్సి వచ్చిందట. మర్నాటికి మా విరామం మాకొచ్చింది.

ఆ కోపం చిన్నప్పటిది. వాళ్ల నాన్న ఇంటి కింద సెల్లార్లో బీరు కాచేవాడు. మిషిగన్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో చెక్ దేశం నుంచి వచ్చిన కుటుంబాలు చాలావాటికి ఆ అలవాటుంది. కొడుకులిద్దర్నీ పక్కన పెట్టుకుని నేర్పేవాడు. గ్వెన్ గంగాళం దగ్గరికొస్తే, "నువ్వు సీసాలు కడుగు చాలు" అనేవాడు. ఆమె సీసాలు కడుగుతూనే అంతా చూసి నేర్చుకుంది. ఆయన పోయాక ఆ కొడుకులే గంగాళాలు పాత ఇనుముకి అమ్మేస్తామన్నారు. గ్వెన్ ట్రక్కు తెచ్చి, అన్నీ ఎక్కించుకుని పోయింది. నేనూ ఓ చెయ్యేశాను.

తరవాత వెర్న్ సంగతి. మొగుడు. కూతురు టిల్డాకి పన్నెండేళ్లప్పుడు, బడి నుంచి తీసుకొస్తానని వెళ్లి, బార్‌లో పక్క స్టూలు మీద కూర్చోబెట్టి తన గ్లాసులోంచి తాగించేవాడు. కన్నవాళ్లు పక్కనుంటే మా రాష్ట్రంలో అది తప్పు కాదు. గ్వెన్ వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుని లేపితే, బార్‌లో వాళ్లంతా నవ్వారు. "ఏం గ్వెన్, చట్టమే ఒప్పుకుంది, నీకేం నొప్పి?" అన్నారెవరో. ఆ వారమే వెర్న్ బట్టలు మంచులో పడ్డాయి. అతను మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ తరవాత కొన్నేళ్లకి గ్వెన్‌కి ఓ పాడు జ్వరం వచ్చి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ముక్కుని పట్టుకుపోయింది. కాఫీ వాసన లేదు, ఫ్యాక్టరీలో పులిసిన పాల వాసనా లేదు. కొన్నాళ్లు ఓపిక పట్టమన్నాడు డాక్టరు. పట్టింది. రాలేదు. ముక్కు లేకపోతే బీరు బాగుందో పాడైందో తెలీదు. ఓ రోజు సెల్లార్ మెట్ల మీద కూర్చుని, ఈ గంగాళాలు ఇక అమ్మేస్తానంది నాతో.

టిల్డా మెట్లు దిగొచ్చి, పీపా మూత తీసి ముక్కు పెట్టింది.

"అమ్మా, ఇది ఉడికించిన మొక్కజొన్న కంపు కొడుతోంది."

గ్వెన్ తలెత్తి చూసింది. "మూత పెట్టి మరిగించాను. గ్యాసు ఆదా అవుతుందని."

"అయితే ఈసారి మూత తీసి మరిగిద్దాం."

అలా మొదలైంది. మొలకెత్తిన బార్లీ నానబెట్టడం, మరిగించడం, చేదు కోసం హాప్స్ పూలు ఎప్పుడెయ్యాలో చూడటం, పులియడానికి ఈస్ట్ కలపడం, అన్నీ టిల్డా చేసేది. చుక్క తాగేది కాదు. వాళ్ల నాన్న పక్కన స్టూలు మీద కూర్చున్న రోజుల్లోనే దానికి బీరు రుచంటే విరక్తి పుట్టింది. వాసన మాత్రం కుక్కపిల్లలా పట్టేది. బ్రెడ్డు మాడిన వాసన, తడి అట్టపెట్టె వాసన, ఇదీ అదీ అని చెబితే, ఏం తప్పు చేశారో గ్వెన్ కనిపెట్టేది.

ఆ శరత్కాలంలో ఇంట్లో బీరు కాచేవాళ్ల సంఘం పోటీ పెట్టింది. అదే బార్ వెనక హాల్లో, అక్కడ ప్రతి శుక్రవారం పెట్టే చేపల భోజనం వేళ. గ్వెన్ నల్లబీరుకి మొదటి బహుమతి వచ్చింది. సంఘం అధ్యక్షుడు లైల్ డెస్ట్రీ, బీమా అమ్మి రిటైరైనవాడు, చెక్క ఫలకం చేతికిచ్చి ఫొటోకి నిలబడ్డాడు.

"ఇందులో సగం టిల్డాది," అంది గ్వెన్ అందరికీ వినపడేలా. "ముక్కు దానిది. మరిగించింది కూడా అదే."

చప్పట్లు కొట్టారు. టిల్డా చెవులు ఎర్రబడ్డాయి. లైల్ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"ఈ పిల్లకి వయసెంత?"

"పదహారు."

అతను ఫలకం మళ్లీ తన చేతిలోకి తీసుకున్నాడు. "మైనర్ పిల్ల బీరు కాయడం నేరం గ్వెన్. సంఘం పేరు పోతుంది. ఇది ఇవ్వడానికి వీల్లేదు."

గ్వెన్ గొంతు తగ్గింది. నేను చేపలు వదిలేసి లేచాను.

"లైల్, ఇదే బార్‌లో వెర్న్ దీనికి తాగిస్తుంటే నువ్వు పక్కనే కూర్చున్నావు. పళ్లన్నీ కనపడేలా నవ్వావు."

"అది చట్టప్రకారం తప్పు కాదు."

"తాగితే తప్పు కాదు. గరిటె తిప్పితే తప్పు. ఏ చట్టంలో ఉందో చూపించు."

"నేనేమన్నా లాయర్నా?"

"మరి ఫలకం ఏ చట్టంతో లాక్కున్నావు?"

అతను ఫలకం చంకలో పెట్టుకున్నాడు. తల్లీకూతుళ్లు కోట్లు వేసుకుని వెళ్లిపోయారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరు ఫోను చేశారో ఈనాటికీ ఎవరూ ఒప్పుకోలేదు. పిల్లల సంక్షేమం చూసే ఒకావిడ బడికి వచ్చి, లెక్కల క్లాసు మధ్యలో టిల్డాని బయటికి పిలిచి, మీ అమ్మ నీచేత తాగిస్తుందా, కొడుతుందా, రాత్రిళ్లు మేలుకోబెట్టి పని చేయిస్తుందా అని అడిగింది. అదే సమయానికి పోలీసు డెప్యూటీ రోరీ గ్వెన్ ఇంటి తలుపు కొట్టాడు. రోరీ బడిలో మా వెనక తరగతి.

"నా మీద విరుచుకుపడకు గ్వెన్. ఫిర్యాదు వస్తే చూడాలి కదా."

"చూడు. పద, కిందికి."

సెల్లార్లో పీపా నిండా బీరు పులుస్తోంది. రోరీ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "పిల్ల దీన్ని ముట్టుకుందా?"

"అదే కాచింది."

"అలా చెప్పకే తల్లీ. కాస్త నాకు సాయం చెయ్యి."

గ్వెన్ పీపా కుళాయి తిప్పేసింది. బీరంతా నేల మీది తూములోకి పోయింది. రోరీ బూట్లు తడిశాయి. అతను అలాగే మెట్లెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం నేను వెళ్లేసరికి టిల్డా ఖాళీ పీపా ముందు నిలబడి ఉంది.

"ఎవర్నడిగి పారబోశావ్?"

"నీ కోసమే. నిన్ను తీసుకుపోతారేమోనని."

"అబద్ధం. లైల్ మీద కోపం నా బీరు మీద తీర్చుకున్నావ్. ఆవిడ అడిగినవాటికి ఏడవకుండా జవాబు చెప్పాను. క్లాసంతా తలుపు అద్దంలోంచి చూస్తోంది. ఇంటికొచ్చి దీన్ని వాసన చూద్దామనుకుంటూ కూర్చున్నాను."

"టిల్డా..."

"తాత నీచేత సీసాలు కడిగించాడు. నువ్వు నాది తూములో పోశావ్. పెద్ద తేడా ఏముంది?"

చెంప మీద కొట్టినా గ్వెన్ అంతగా కదిలేది కాదు. ఆ పిల్ల చాలా రోజులు తల్లితో మాట్లాడలేదు.

జిల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి రమ్మని కబురొస్తే నేనే కారులో తీసుకెళ్లాను. కుర్ర లాయరు, ముందే విసిగిపోయి ఉన్నాడు.

"ఇంట్లో పెద్దవాళ్లు తమ కోసం కాచుకోవచ్చని ఉంది. పక్కన గరిటె ఎవరు పట్టుకోవాలో నాకు ఎక్కడా కనపడలేదు. పిల్ల సొంతంగా కాస్తే వేరే మాట. మీరు దగ్గరుండి చేయించారు. దీని మీద నేను కేసు పెట్టను."

"ఈస్ట్ వెయ్యకముందు అది బీరా?" అంది గ్వెన్.

"కాదు. తియ్యటి బార్లీ నీళ్లు. మా పసిదానికి కూడా పట్టొచ్చు."

"ఇది అడగడానికి బడికెళ్లి నా కూతుర్ని అందరిముందూ నిలబెట్టాలా?"

అతను కాగితాలు సర్దుకున్నాడు. సంక్షేమం ఆవిడ దగ్గర్నుంచి ఆ ఫైలు మూసేశామని ఒక ముక్క వచ్చింది. క్షమించమన్న మాట అందులో లేదు.

ఇంటికెళ్లాక గ్వెన్ కూతురి గది గుమ్మంలో నిలబడి, "పారబోయడం తప్పు. నిన్నడగాల్సింది," అంది. టిల్డా తలుపు వెయ్యలేదు, అంతే. ఆ శనివారం మాత్రం దిగొచ్చి బార్లీ నానబెట్టింది. ఈస్ట్ పడితేనే అది బీరవుతుంది కనక, వేసే వేళకి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, "నువ్వే వెయ్. మళ్లీ రోరీ బూట్లు తడుస్తాయి," అంది. అప్పట్నుంచి ఈస్ట్ తల్లి వేసేది, వాసన కూతురు చూసేది. వాసన చూడ్డానికి వయసుండాలని ఎవరూ అనలేదు.

సంఘం మాత్రం, తాగడానికి చట్టం పెట్టిన ఇరవయ్యొకటి నిండనివాళ్లు పోటీ హాల్లోకే రాకూడదని తీర్మానం చేసింది. ఓ రోజు లైల్ ఫలకం సంచిలో పెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు.

"కేసు లేదన్నారట కదా. ఇది తీసుకో, మర్చిపోదాం."

"టిల్డా దగ్గరికెళ్లి తప్పయిందని చెప్పి, దానికివ్వు."

"చిన్నపిల్లకి నేనేం చెప్తాను గ్వెన్?"

"అయితే నీ దగ్గరే ఉంచుకో," అని అతన్ని దాటి వెళ్లిపోయింది. మళ్లీ ఆ బార్‌లో అడుగుపెట్టలేదు. శుక్రవారం చేపలు ఇంట్లోనే వేయిస్తుంది, నన్ను పిలుస్తుంది. ఉప్పు ఎక్కువవుతుంది. నేను చెప్పను.

టిల్డా ఇప్పుడు డెయిరీలకి కరెంటు పని చేస్తుంది. ఇరవయ్యొకటి నిండిన ఆదివారం వచ్చి, ఈస్ట్ తనే వేసి, చేతులు కడుక్కుని, ఎక్కడో మోటారు ఆగిపోయిందని వెళ్లిపోయింది. కేకూ లేదు, పాటా లేదు. గ్వెన్ పీపా మూత బిగిస్తూ నాతో అంది:

"ఆ రోజు బడిలో ఆవిడ ఏమేం అడిగిందో టిల్డా నాకు ఇంకా పూర్తిగా చెప్పలేదు మార్జ్. అడిగితే మాట మార్చేస్తుంది. వాళ్లని నేను క్షమించేదెట్లా?"

నేను మూతకి రెండో పక్క పట్టుకున్నాను. క్షమించమని చెప్పాలని నాకూ అనిపించలేదు.