కిటికీ కనిపించే వైపు

మా నాయిన పోయి నేటికి పంతొమ్మిది రోజులు. ఆ పొద్దున మగ్గం గుంతలోకి దిగబోతూ ఛాతీ పట్టుకొని కూర్చున్నాడట. దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. ఫోన్ వచ్చినప్పుడు నేను గ్రంథాలయంలో ఉన్నాను. "నాయిన లేడు బిడ్డా, రా" అని నాలుగే మాటలు చెప్పి అమ్మ పెట్టేసింది.

ఆయన మీద ఒక అభియోగం ఇంకా నిలిచే ఉంది. "పిల్లలను ప్రవేశ పరీక్షలకు తోలే తల్లిదండ్రులు వారిని ప్రేమించరు, తమ ఓటమిని వారి చేత చెరిపించుకుంటారు. ఆ పదేళ్ల పిల్లను ఎవరూ ఒక్క మాట అడగరు." ఈ వాక్యాలు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. నిరుడు మన కాలేజీ సభామందిరంలో జరిగిన చర్చను ముగిస్తూ అన్నది నేను. చప్పట్లు కొట్టింది మీరు. చివరి వరుసలో కూర్చొని విన్నది ఆయన. జవాబు చెప్పుకునే హక్కు ఆయనది. ఆయన చెప్పుకోలేదు. ఇప్పుడా పని ఆరోపించిన నా మీదనే పడింది.

మాది పోచంపల్లికి ఆటోలో పావుగంట దూరమున్న ఊరు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మేము. మా పనిని దగ్గరగా చూడనివారికి ఒక సంగతి చెప్పాలి. మా చీర మీది పువ్వు నేసేటప్పుడు పుట్టదు, అంతకుముందే నూలులో ఉంటుంది. గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, ఆ గళ్లను బట్టి నూలు మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు చీలికలు బిగించి కట్టి, అప్పుడు రంగులో ముంచుతారు. దీన్ని చిటికి కట్టడం అంటాం. ఒక్క గుర్తు ఒక గడి పక్కకు జరిగితే అక్కడి నుంచి చివరిదాకా అన్నీ జరుగుతాయి. విడిగా చూస్తే ఏ ముడీ తప్పు కాదు. పువ్వు మాత్రం విరిగిపోతుంది.

నాయిన చదివింది మూడో తరగతి. అచ్చును కూడబలుక్కొని చదివేవాడు. గళ్ల కాగితాన్ని మాత్రం ఒక్క చూపులో చదివేవాడు. ఆయన బొటనవేళ్ల గోళ్ల సందున ఎరుపు ఎన్నడూ వదలలేదు. ఎక్కడికైనా శుభకార్యానికి పోవాలంటే ముందు నిమ్మచెక్క పట్టుకొని కూర్చునేవాడు. "పెండ్లికొడుకువా ఏంది, గంత రుద్దుతున్నవ్" అని అమ్మ నవ్వేది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నేను నాలుగో తరగతిలో ఉన్నాను. మా ఊరి బడిలో అన్ని తరగతులకూ కలిపి ఒక్కరే సారు. గురుకుల ప్రవేశ పరీక్ష దరఖాస్తు ఆయనే తెచ్చి ఇచ్చాడు. సంగతి తెలిసి మా పెదనాయిన ఆ సాయంత్రమే మా అరుగు మీదికి వచ్చాడు.

"ఏం తమ్మి, పిల్లను హాస్టల్ల పడేస్తవట?"

"పరీక్ష రాయనీ అన్న. సీటొస్తె గద ఆ ముచ్చట."

"ఇంకో రెండేండ్లయితే పిల్ల ఆసుకు అందుకుంటది. మీ ఆమె భుజం చూసినవా? గా చెయ్యి పడిపోయిన్నాడు నువ్వు ఖాళీ మగ్గం ముంగట కూసోని భజన చేసుకోవాలె."

ఆసు అంటే మేకుల చట్రం మీద నూలును ముందుకూ వెనక్కూ చుట్టడం. ఒక చీరకు చేయి వేలసార్లు ఆడాలి. మా ఇళ్లలో అది ఆడవాళ్ల పని. పెదనాయిన మాటలో ఎగతాళి ఉంది కాని అబద్ధం లేదు. నన్ను పంపితే ఆ బరువు మోయవలసింది అమ్మే. నాయిన లోపలికి చూశాడు.

"నా భుజం సంగతి నేను జూసుకుంట బావా," అంది అమ్మ లోపలి నుంచి. "నువ్వు చాయ్ తాగు, సల్లారుతాంది."

సారు చూపించిన జవాబు పత్రం నమూనాను నాయిన తిప్పి తిప్పి చూశాడు. నిలువునా వరుసలు, వరుసకు నాలుగు సున్నలు. "ఇది మన కాయితమే గద" అన్నాడు, ఎరిగిన మనిషి కనబడినట్టు. ఆనాటి నుంచి పాత డిజైను కాగితాల వెనుక సున్నలు గీసి ఇవ్వడం ఆయన పని, నింపడం నా పని. లెక్కలూ తెలుగూ సారు చూసుకునేవాడు; సున్న మాత్రం నాయినది. సిరా గీత దాటితే ఒప్పుకునేవాడు కాదు. కంచం ముందు కూర్చున్నా కాగితం పక్కనే ఉండేది. "ఏమయ్యా, పిల్లను బువ్వ తిననిస్తవా, సున్నలే తినిపిస్తవా?" అని అమ్మ విసుక్కునేది.

సీటు రాలేదు. జాబితాలో నా నంబరు లేదని తెలిసిన రోజు పెదనాయిన మా ఇంటి ముందు నుంచే పోతూ దగ్గాడు, అంతే, అది చాలింది. నేను బయటికి రావడం మానేశాను. ఇక చదువు రాని పిల్లననే అనుకున్నాను. పదేళ్ల వయసులో ఆ నమ్మకం ఎంత గట్టిగా కుదురుకుంటుందో, అందులో ఉన్నవారికే తెలుస్తుంది.

మూడో రోజు నాయిన సారు దగ్గరికి పోయి సరైన జవాబుల పట్టిక తెచ్చాడు. నేను రాసిన పత్రానికి పరీక్ష గదిలో ఇచ్చిన కార్బన్ నకలు ఇంట్లోనే ఉంది. ఆ పట్టికను అదే కొలతలో, అవే వరుసలతో, గళ్ల కాగితం మీదికి సున్నలుగా ఎత్తాడు. రెండింటినీ మగ్గం మీద పక్కపక్కన పెట్టాడు. పదహారో వరుస దాకా దాదాపు అన్నీ సరిపోయాయి. తర్వాత వరుసగా తప్పులే. ఆయన చాలాసేపు కదలకుండా చూశాడు. ఆపైన తన కాగితాన్ని ఒక్క వరుస పైకి జరిపాడు.

సున్నకు సున్న కలిసింది. చివరిదాకా కలుస్తూనే పోయింది.

"పదిహేడో ప్రశ్న తెల్వక ఇడిసిపెట్టినవ్," అన్నాడు. "దాని వరుస ఇడిసిపెట్టలే. ఆడికెల్లి అన్నీ జరిగినయ్." అమ్మను పిలిచి చూపించాడు. "పిల్లకు రాక కాదే. గడి జరిగింది."

ఆ మాట మా ఇంట్లో ఎంత ఊరటో మీకు ఎలా చెప్పను? గడి జరగడం నాయినకు జరిగింది, తాతకు జరిగింది, దగ్గిన పెదనాయినకూ జరిగింది. దానికి ఎవరినీ తిట్టరు. ఎక్కడ జరిగిందో వెతుకుతారు. అక్కడి నుంచి విప్పుతారు.

అప్పుడే ఆయన అడిగాడు. "మల్ల రాస్తవా బిడ్డా? వద్దంటె వద్దు. ఈడనే చదువుకో, నేనేం అనుకోను."

ఆయన తొందరపెట్టలేదు, ట్యూబు చీలికలు కోసుకుంటూ కూర్చున్నాడు.

"రాస్త" అన్నాను.

"నా కోసమా, నీ కోసమా?"

"నాకే."

"గట్లయితె సరె."

ఇది జరిగింది. "ఎవరూ ఒక్క మాట అడగరు" అని మీ ముందు అన్నప్పుడు, ఇది జరిగిందని నాకు తెలుసు.

మరుసటి ఏడు ఆరో తరగతిలో మిగిలిన సీట్లకు మళ్లీ పరీక్ష. ఈసారి ఆయన కొత్తగా నేర్పింది ఒక్కటే. ఎడమ బొటనవేలును వరుస నంబరు మీద అదిమి, ఆ వరుస ముగిసేదాకా లేపకూడదు. చిటికి కట్టేటప్పుడు ఆయన చేసేది అదే. "ఏలు లేపకు. కన్ను దాని ఎంబడే వస్తది" అనేవాడు. నేను తెలియని ప్రశ్నను వదిలినప్పుడల్లా ఖాళీ వరుస మీద వేలు పెట్టి, "వదిలిన" అని పైకి అనిపించేవాడు. అలా అంటేగాని కిందికి దిగనిచ్చేవాడు కాదు.

పరీక్ష కేంద్రం ఒక ఉన్నత పాఠశాల. లోపలికి పంపే ముందు నా గది ఏదో, కిటికీ ఏ వైపో కనుక్కున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. సగం పరీక్ష అయ్యాక, ఖాళీ వరుస మీద వేలు పెట్టి, "వదిలిన" అని పెదవులతో అనుకొని తలెత్తాను. ప్రహరీ గోడ అవతల నాయిన కనిపించాడు. మిగిలిన తల్లిదండ్రులందరూ దూరంగా వేపచెట్టు కింద ఉన్నారు. ఆయన ఒక్కడే ఎండలో, తలమీద తువ్వాలతో నిలబడి ఉన్నాడు. ఎడమ బొటనవేలు గోడ అంచు మీద అదిమి ఉంది. తాను వేలు లేపితే నా వరుస జరిగిపోతుందని అనుకున్నాడేమో, నేను చూసినంతసేపూ తీయలేదు.

బయటికి వచ్చాక అడిగాను. "చెట్టు కిందికి ఎందుకు పోలే నాయినా?"

"ఆడికెల్లి నీ కిటికి కనవడతలేదు," అన్నాడు.

ఆయనను నిర్దోషిగా తేల్చడానికి ఇది రాయడం లేదు. అలా రాస్తే మరో రకం అబద్ధమవుతుంది. ఆ రెండోసారి సీటు వచ్చింది; గురుకులంలో మొదటి ఏడాది నేను ఏడ్చాను. నెలకోసారి కూర గిన్నె పట్టుకొని ఆయన వచ్చేవాడు. "ఏడువు బిడ్డా, కాని తినుకుంట ఏడువు" అనేవాడు. ఒకసారి ఇంటికి తీసుకుపొమ్మన్నాను. "దసరా దాంక చూద్దాం" అన్నాడు. దసరా తర్వాత నేను అడగలేదు, ఆయన గుర్తుచేయలేదు. ఆ ఒక్కచోట ఆయన మళ్లీ అడగవలసింది. అమ్మ కుడిచేయి ఇవాళ భుజం దాటి పైకి లేవదు. నా చదువు ఆ భుజం మీదుగా వచ్చింది. ఇవన్నీ నిజాలే. వీటిని ఆయన ఎన్నడూ కాదనలేదు.

చర్చకు ఆయనను పిలిచింది నేనే. "నీ బిడ్డ ఎట్ల మాట్లాడుతదో వచ్చి సూడు" అని గొప్పగా ఫోన్ చేశాను. నేను ఏం మాట్లాడబోతున్నానో, అది ఎవరికి తగులుతుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. ఉతికిన చొక్కా వేసుకొని, గోళ్లు నిమ్మచెక్కతో రుద్దుకొని, రెండు బస్సులు మారి వచ్చాడు. చర్చ అయ్యాక బస్టాండు దాకా ఇద్దరం నడిచాం.

"మంచిగ మాట్లాడినవ్ బిడ్డా. నేను గూడ చప్పట్లు కొట్టిన."

"అది పోటీ నాయినా. పోటీల గట్లనే మాట్లాడాలె."

"ఎరుకే." కాసేపు నడిచాక మళ్లీ అన్నాడు: "ఒక్కటే సమజ్ గాలే. నా ఓటమి ఏంది? నేనేం ఓడిపోయిన?"

దెప్పిపొడవడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మగ్గం తన తండ్రి నేర్పిన పని, దాన్ని ఆయన బాగా చేశాడు. అందులో ఓటమి ఎక్కడుందో ఆయనకు కనిపించలేదు. ఆ వాక్యం నేను ఆయనను చూసి రాయలేదు. చప్పట్లను చూసి రాశాను. బస్సు వచ్చింది. ఎక్కాక కిటికీలోంచి "జర తిను, బక్కగైనవ్" అన్నాడు. ఇంటికి పోయినప్పుడు చెబుదామనుకున్నాను. తర్వాత రెండుసార్లు పోయాను. చెప్పలేదు.

అంత్యక్రియల రోజు స్నానం చేయించేటప్పుడు అమ్మ ఎడమ చేత్తో నిమ్మచెక్క తెచ్చింది. ఆయన బొటనవేలు పట్టుకొని రుద్దబోయి ఆగింది. "ఉండనీ తియ్," అని చెక్కను పక్కన పెట్టింది. ఆ ఎరుపుతోనే పోయాడు.

కాబట్టి నా అభియోగాన్ని ఉపసంహరించుకుంటున్నాను. పరీక్ష మీద నా అభ్యంతరం పోలేదు. మంచి బడిని కొందరికే ఉంచి, మిగిలినవారిని పదేళ్లకే వడబోసే ఏర్పాటును రేపూ ఎదిరిస్తాను. దాన్ని సమర్థించేవారు సిద్ధపడి రండి. కాని నిరుడు నేను నిలదీసింది ఆ ఏర్పాటును కాదు. దాని గేటు బయట ఎండలో నిలబడ్డ మనిషిని. ఆయన వేదికెక్కి తిరిగి వాదించడు కనుక సులువుగా గెలిచాను. గెలవడానికి ఒక వాస్తవాన్ని దాచాను. గడి అక్కడ జరిగింది. అక్కడి నుంచే విప్పుతున్నాను. నువ్వేమీ ఓడిపోలేదు నాయినా.

ఇక మీకు. ఈ ఏడాది గురుకుల ప్రవేశ పరీక్షకు మన కాలేజీ గదులు కూడా కేంద్రం. ఆ రోజు పిల్లలు లోపలికి పోతారు, తల్లిదండ్రులు గేటు బయట ఉండిపోతారు. మీరు రండి. కరపత్రాలు వద్దు, ఉపన్యాసం వద్దు. వారి గురించి ఒక్క వాక్యం అనే ముందు, వారు ఏం పని చేస్తారో, పిల్లను ఏమని అడిగారో కూర్చొని వినండి. తాగడానికి నీళ్లు పెట్టండి. టెంటు వేయండి. చెట్ల పక్కన వేయకండి, అక్కడ ఎలాగూ నీడ ఉంది. కిటికీలు కనిపించే వైపు వేయండి.